టెస్ కష్టాలను విధి ఖాతాలో వెయ్యకండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత సోమవారం మీ సాహిత్య పుటలో థామస్ హార్డీ నవల ‘టెస్ ఆఫ్ ది డర్బర్‌విల్స్’ గురించి ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. 1891లో వెలువడిన ఒక ఇంగ్లిషు పల్లెటూరి నవలకు తెలుగు దినపత్రిక ఇంత చోటు ఇవ్వడం అరుదు కనుక ముందుగా మీకూ వ్యాసకర్తకూ అభినందనలు. కథను ఆయన పొల్లుపోకుండా చెప్పారు. నా పేచీ అంతా చివరి పేరాతోనే. హార్డీ కరడుగట్టిన నిరాశావాది అనీ, ఆయన లోకంలో మనిషి విధి చేతిలో ఆటబొమ్మ అనీ, కథానాయిక అయిన పేద పల్లె పిల్ల టెస్ పడిన కష్టాలకు ఆమె గానీ మరొకరు గానీ బాధ్యులు కారనీ, అదంతా ఆమె నుదుటి రాత అనీ వ్యాసం తేల్చింది. మన విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లిషు సాహిత్యం చదివినవాళ్లలో చాలామంది పరీక్ష కాగితం మీద రాసి మార్కులు తెచ్చుకున్న సమాధానమే ఇది. గైడు పుస్తకాల పుణ్యమా అని ఒక తరం నుంచి ఇంకో తరానికి చేతులు మారుతూ వస్తోంది. నవలను మళ్లీ తెరిచి చూస్తే ఆ సమాధానం నిలవదు. టెస్ మీద విరుచుకుపడిన దాదాపు ప్రతి ఆపద దగ్గరా హార్డీ ఒక మనిషినో, ఒక చట్టాన్నో, ఒక కౌలు షరతునో, ఒక చర్చి నియమాన్నో నిలబెట్టి చూపించాడు. విధి మాట ఆయన ఎత్తలేదని నేను అనను. ఆ మాటను ఎవరి నోట పెట్టాడో, దాని పక్కన ఏమి పెట్టాడో గమనించాలన్నదే నా మనవి.

‘ఇలా జరగాలని రాసిపెట్టి ఉంది’ అన్న అర్థం వచ్చే వాక్యాన్ని వ్యాసకర్త హార్డీ సిద్ధాంతంగా ఉదాహరించారు. అడవిలో నిద్రపోతున్న టెస్ బతుకును ధనవంతుల కొడుకు అలెక్ పాడుచేసిన రాత్రి దగ్గర, నవల మొదటి భాగం ముగిసేచోట ఆ వాక్యం వస్తుంది. అయితే అది కథకుడు తన సొంత మాటగా చెప్పింది కాదు. ఆ మారుమూల పల్లెల్లో టెస్‌ సొంత మనుషులు ఒకరితో ఒకరు అలవాటుగా అనుకునే మాట అని కథకుడే అక్కడ స్పష్టంగా చెబుతాడు. దానికి కాస్త ముందు, టెస్ పూర్వీకులైన డర్బర్‌విల్ యోధులు కూడా యుద్ధాల నుంచి చిందులేస్తూ తిరిగొస్తూ తమ కాలపు రైతు ఆడపిల్లల పట్ల ఇంతకంటే క్రూరంగా ప్రవర్తించి ఉంటారని అంటాడు. ఆ వెంటనే, తండ్రుల పాపం పిల్లలకు చుట్టుకోవడమనే నీతి దేవతలకు సరిపోతుందేమో గానీ మామూలు మనిషి మనసు దాన్ని ఛీకొడుతుందని తేల్చేస్తాడు. కర్మ సిద్ధాంతాన్ని నమ్మినవాడు రాసే వాక్యం కాదది. ఊరివాళ్లు తమను తాము ఓదార్చుకోవడానికి చెప్పుకునే మాటను రచయిత తీర్పుగా చదివితే, ధనవంతుడి కొడుకైన అలెక్ ఆ పేజీలోంచి నిశ్శబ్దంగా తప్పించుకుపోతాడు.

ఈ విధివాదం నవలలో ఎక్కువగా వినిపించేది టెస్ తల్లి జోన్ నోట. ఆమె దగ్గర ఒక పాత జోస్యం పుస్తకం ఉంటుంది. దాన్ని ఎంత నమ్ముతుందో అంత భయపడుతుంది. రాత్రంతా ఇంట్లో ఉంచడానికి జంకి, పని అయిపోగానే బయటి పాక చూరులో దోపించి వస్తుంది. ఆ పుస్తకంలో కూతురి జాతకం చూసి, మంచి సంబంధం కుదురుతుందని సంబరపడి, తెల్లని గౌను తొడిగి, జుట్టు విరబోసి అలంకరించి అలెక్ ఇంటికి పంపింది ఆమే. టెస్ గ్రామ పాఠశాలలో ఆరో తరగతి దాకా చదువుకున్న పిల్ల. తల్లీకూతుళ్ల మధ్య రెండు వందల ఏళ్ల ఎడం ఉందని హార్డీ అంటాడు. చెడి ఇంటికి తిరిగొచ్చిన ఆ కూతురు తల్లిని నిలదీస్తుంది. మగవాళ్ల వల్ల ప్రమాదం ఉంటుందని నాకెందుకు చెప్పలేదు, పెద్దింటి ఆడవాళ్లు నవలలు చదివి ఈ మాయలన్నీ తెలుసుకుంటారు, నాకు అలా తెలుసుకునే వీలు ఎక్కడుంది, నువ్వూ చెప్పకపోతివి అంటుంది. దానికి తల్లి ఇచ్చే జవాబు, ఇది ప్రకృతి ధర్మం, దేవుడు ఎలా తలిస్తే అలా జరుగుతుంది అని. ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే విధి అనే భావన ఆ ఇంట్లో ఏ పనికి వస్తోందో తెలుస్తుంది. తల్లి దుర్మార్గురాలు కాదు. పేదరికంలో ఏడుగురు పిల్లలను పెంచుతూ నవ్వుతూ పాడుతూ బతికే మనిషి. తాను చేసిన పని బరువును మోయలేక దాన్ని దేవుడి మీదికి నెట్టేసింది, అంతే.

గుర్రం చావు సంగతి చూద్దాం. ఇది కూడా విధి లీలకు నిదర్శనమని వ్యాసం పేర్కొంది. తెల్లవారి సంతకు తేనెపట్ల పెట్టెలు చేర్చవలసినవాడు తండ్రి జాన్ డర్బీఫీల్డ్. తాను డర్బర్‌విల్ అనే ప్రాచీన యోధుల వంశానికి చెందినవాడినని ఒక ఫాదరు చెప్పిన వార్తకు పొంగిపోయి, సాయంత్రమంతా సారా దుకాణంలో కూర్చుని, లేవలేని స్థితికి వచ్చాడు. రాత్రి రెండు గంటల వేళ టెస్, ఆమె చిన్న తమ్ముడు అబ్రహాం బండి కట్టుకుని ఇరవై మైళ్లకు పైగా ఉన్న దారికి బయలుదేరవలసి వచ్చింది. టెస్ కునుకు తీసింది, బండి లాంతరు ఆరిపోయింది, ఎదురుగా బాణంలా వచ్చిన టపా బండి మొనదేలిన నొగ గుర్రం గుండెలో కత్తిలా దిగింది. ధారగా చిమ్ముతున్న రక్తాన్ని ఆపాలని ఆ పిల్ల గాయం మీద అరచెయ్యి అడ్డం పెడుతుంది. ముఖం నుంచి గౌను దాకా ఎర్రబడిపోతుంది. ఇందులో దేవతల చెయ్యి ఎక్కడుందో నాకు కనబడలేదు. సారా దుకాణం కనబడింది, వంశగౌరవం కనబడింది. చచ్చిన గుర్రాన్ని కొన్ని షిల్లింగులకు కొంటామని తోళ్ల వ్యాపారి వస్తే, మా డర్బర్‌విల్ వంశం వాళ్లు తమ యుద్ధాశ్వాలను పిల్లుల మేతకు అమ్ముకోలేదని ఆ తండ్రి తోసిపుచ్చి, పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చిపెడతాడు. కుటుంబాన్ని పోషించే ఒక్క ఆధారం పోయిన మర్నాడు చేసిన పని ఇది. ఎంత నవ్వు తెప్పిస్తుందో అంత కడుపు మండించే సన్నివేశం. హార్డీకి హాస్యం తెలియదనేవారు దీన్ని ఒకసారి చదవాలి.

తివాచీ కిందికి జారిపోయిన ఉత్తరం గురించి కూడా ఒక మాట చెప్పాలి. పెళ్లికి ముందు టెస్ తన గతమంతా నాలుగు పేజీల్లో రాసి కాబోయే భర్త ఏంజెల్ క్లేర్ గది తలుపు కిందుగా తోస్తుంది, అది తివాచీ కిందికి పోతుంది, అతను చూడడు, అదే ఆమె కొంప ముంచిందని వ్యాసకర్త రాశారు. కథ అక్కడితో ఆగలేదు. పెళ్లి రోజు పొద్దున టెస్ అనుమానం వచ్చి మేడ గదికి వెళ్లి, తివాచీ అంచున ఆ కవరు చూసి, విప్పకుండా ఉన్నదని గ్రహిస్తుంది. ఇంటినిండా పెళ్లి హడావుడి. ఉత్తరాన్ని చింపేసి, మెట్ల దగ్గర ఏంజెల్‌ను ఆపి, నా తప్పులన్నీ నీకు చెప్పుకోవాలి అంటుంది. ఇవాళ తప్పుల మాట వద్దు, ఇవాళైనా నిన్ను ఏ లోపమూ లేనిదానివిగానే ఉండనీ, తరువాత తీరిగ్గా చెప్పుకుందాం అని అతను నవ్వి దాటవేస్తాడు. తివాచీ చేసిన ఆలస్యం కొన్ని రోజులు మాత్రమే. ఆ తరువాత నోరు నొక్కినవాడు ప్రేమించినవాడే. అతనికి కావలసింది పాలు పితికే టెస్ కాదు, తన ఊహలో కట్టుకున్న నిష్కళంక ప్రకృతి కన్య. పెళ్లి రాత్రి అతనే ముందుగా లండన్‌లో ఒక అపరిచిత స్త్రీతో రెండు రోజులు గడిపిన తన తప్పు చెప్పుకుంటాడు. టెస్ వెంటనే క్షమిస్తుంది. అదే పొయ్యి ముందు, అదే రాత్రి, ఆమె తన కథ చెబితే, నేను ప్రేమించినది నిన్ను కాదు, నీ రూపంలో ఉన్న మరొక స్త్రీని అంటాడు. చర్చి సిద్ధాంతాలను వదిలేసిన ఆధునికుడినని చెప్పుకునే ఈ యువకుడు, ఒక దెబ్బ తగలగానే చిన్ననాటి ఆచారాలకు బానిసగా మారిపోయాడని కథకుడు మొహమాటం లేకుండా వ్యాఖ్యానిస్తాడు.

ఆ రాత్రి వెనుక చట్టం కూడా ఉంది. ఇంగ్లండులో 1857లో వచ్చిన విడాకుల చట్టం ప్రకారం భార్య వ్యభిచరించిందని రుజువు చేస్తే భర్తకు విడాకులు దొరికేవి. భర్త వ్యభిచారం ఒక్కటే చూపించి భార్య విడాకులు పొందలేదు, దానికి తోడు క్రూరత్వమో, వదిలిపెట్టి పోవడమో మరేదైనా ఉండాలి. ఈ తేడాను తొలగించడానికి 1923 దాకా పట్టింది. తన గతం చెప్పేశాను కనుక నువ్వు నాకు విడాకులిచ్చి విముక్తుడివి కావచ్చు కదా అని టెస్ అమాయకంగా అంటే, నీకు చట్టం తెలియదు, అది కుదరదు అని ఏంజెల్ విసుక్కుంటాడు. పెళ్లికి ముందు జరిగినది విడాకులకు కారణం కాదు. కనుక అతను బ్రెజిల్ వెళ్లిపోతాడు, ఆమె పెళ్లయీ కాని దానిలా మిగులుతుంది. నవలను మొదట చూసిన పత్రికల వాళ్లు కూడా ఇదే తూకంతో కొలిచారు. రెండు మాసపత్రికలు తిప్పిపంపాయి. చివరికి ‘ది గ్రాఫిక్’ వారపత్రిక 1891 జులై నుంచి డిసెంబరు వరకు ధారావాహికగా వేసింది. అయితే అందుకోసం హార్డీ అడవి ఘట్టాన్ని తీసేసి దొంగ పెళ్లి కథ పెట్టవలసి వచ్చింది, బిడ్డ బాప్తిస్మం ఘట్టాన్ని వేరే పత్రికకు ఇచ్చుకోవలసి వచ్చింది. నీళ్లు నిలిచిన దారిలో ఏంజెల్ నలుగురు పాలమ్మాయిలను ఒక్కొక్కరినే చేతుల మీద ఎత్తి దాటించే చోట, చేతుల మీద వద్దు, తోపుడు బండిలో కూర్చోబెట్టి దాటించమని కూడా కోరారు. ఆయన అలాగే మార్చి ఇచ్చి, పుస్తకంగా వేసినప్పుడు బండి తీసేసి మళ్లీ చేతులకే ఎత్తించాడు.

బిడ్డ విషయానికి వస్తాను. వ్యాసంలో ఈ ఘట్టానికి ఒక వాక్యం కూడా దక్కలేదు. నవల అంతటిలో నాకు అన్నిటికంటే బలమైనదిగా కనబడేది ఇదే. అలెక్ వల్ల పుట్టిన పసికందు రాత్రివేళ ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. బాప్తిస్మం ఇవ్వడానికి ఫాదరును పిలిపించమని టెస్ బతిమాలుతుంది. అప్పుడే సారా దుకాణం నుంచి వచ్చిన తండ్రికి వంశప్రతిష్ఠ నెత్తికెక్కి ఉంది. మన పరువు బయటపడే ఈ వేళ ఫాదరు గుమ్మం తొక్కడానికి వీల్లేదని తలుపుకు తాళం వేసి, తాళం చెవి జేబులో వేసుకుంటాడు. బాప్తిస్మం లేక చనిపోయిన బిడ్డ నరకానికి పోతుందని నేర్చుకున్న పిల్ల టెస్. కొవ్వొత్తి వెలిగించి, నిద్రపోతున్న తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ లేపి, ముఖం కడుక్కునే తొట్టి చుట్టూ మోకరిల్లబెట్టి, ప్రార్థన పుస్తకం చెల్లెలి చేత పట్టించి, తానే బిడ్డ మీద నీళ్లు చల్లి ‘దుఃఖం’ అని అర్థం వచ్చే పేరు పెడుతుంది. నిద్రమత్తు వదలని ఆ పిల్లలు సన్నని గొంతులతో ఆమేన్ అంటారు. తెల్లవారే వేళకు బిడ్డ పోతుంది. నేను ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా అని టెస్ ఫాదరును అడిగితే, ఆయనలోని మనిషి చెల్లుతుందని అంటాడు. క్రైస్తవ పద్ధతిలో సమాధి చేస్తారా అంటే, ఆయనలోని ఉద్యోగి నీళ్లు నములుతాడు. చివరికి గొయ్యి తీసేవాడికి ఒక షిల్లింగు, ఒక పింటు బీరు ఇచ్చుకుని, రాత్రి లాంతరు వెలుగులో, బాప్తిస్మం లేని పిల్లలనూ పేరుమోసిన తాగుబోతులనూ ఆత్మహత్య చేసుకున్నవాళ్లనూ పూడ్చే దురదగొండి మొక్కల మూలలో బిడ్డను పెడతారు. టెస్ రెండు చెక్క పేళ్లతో సిలువ కట్టి, ఖాళీ మార్మలేడు సీసాలో పూలు పెడుతుంది. ఆ మూల స్థలాన్ని కేటాయించింది విధి కాదు, చర్చి నియమావళి.

ఇక కౌలు. హార్డీని విధివాదిగా చదివేవారు ఎప్పుడూ దాటిపోయేది, నా దృష్టిలో నవలకు వెన్నెముక వంటిది, ఈ ఘట్టమే. డర్బీఫీల్డ్ కుటుంబం ఉంటున్న ఇల్లు సొంతం కాదు, వారం వారం అద్దె కట్టేదీ కాదు. ముగ్గురు మనుషుల జీవితకాలానికి రాయించుకున్న పాతకాలపు కౌలు అది. పేరున్న ముగ్గురిలో ఆఖరివాడు బతికున్నంత వరకే ఇల్లు వాళ్లది. ఆ ఆఖరి మనిషి జాన్. అతను గుండె జబ్బుతో పోయిన క్షణాన కౌలు కూడా పోయింది. కూలీలకు ఇళ్లు చాలక ఒక పెద్ద రైతు ఆ ఇల్లు తన పనివాళ్లకు కావాలన్నాడు. ఇలాంటి కౌలుదార్లు ఎవరికీ తలవంచరు కనుక పెత్తందార్లకు వాళ్లంటే గిట్టదనీ, గడువు తీరిన కౌళ్లను తిరిగి రాయడం మానేశారనీ హార్డీ వివరంగా చెబుతాడు. వీళ్లను వారం అద్దెకైనా ఉండనిచ్చేవాళ్లేమో గానీ, చెడిపోయిన పిల్ల ఇంటికి తిరిగొచ్చింది, ఊరు పవిత్రంగా ఉండాలి కదా. ఏప్రిల్ మొదట్లో వచ్చే పాత లేడీ డే నాడు ఇంగ్లండు పల్లెల్లో కూలీలు, కౌలుదార్లు ఇళ్లు మారేవారు. ఆ రోజున తల్లి, పిల్లలు, సామాను అంతా అద్దె బండి మీద కింగ్స్‌బియర్ అనే ఊరు చేరతారు. గదులు కావాలని రాసిన ఉత్తరం ఆలస్యంగా అందడంతో వాటిని అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశారు. చర్చి గోడ పక్కన, డర్బర్‌విల్ ప్రభువుల సమాధుల దగ్గర, వాళ్ల పేరున్న రంగుటద్దాల కిటికీ కింద, మంచం వేసి తెర కట్టి పిల్లలను పడుకోబెడతారు. అక్కడికి అలెక్ వస్తాడు. తల్లికీ పిల్లలకూ ఇల్లు చూపిస్తానంటాడు. టెస్ అతని దగ్గరికి తిరిగి వెళ్లడానికి కారణం ఈ మంచమే. ఏంజెల్ జ్వరంతో చిక్కి శల్యమై, పశ్చాత్తాపంతో బ్రెజిల్ నుంచి తిరిగి వచ్చేసరికి ఆమె సముద్రతీర పట్టణం శాండ్‌బోర్న్‌లో అలెక్ దగ్గర ఖరీదైన దుస్తుల్లో ఉంటుంది. ఆ తరువాత ఆమె చేతిలో అలెక్ హత్య, ప్రాచీన శిలావలయమైన స్టోన్‌హెంజ్ రాళ్ల మధ్య అరెస్టు, ఉరి. ఒక కౌలు గడువు తీరడం నుంచి ఉరికొయ్య దాకా ఉన్న ఈ దారిలో ప్రతి మలుపు దగ్గరా కారణం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. గడువు తీరిన మర్నాడు భూమి చేతిలోంచి పోవడం అంటే ఏమిటో మన కౌలు రైతుకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఊళ్లు ఖాళీ అవుతున్న ఈ తంతుకు గణాంకాలవారు పెట్టిన పేరు ‘గ్రామీణ జనాభా పట్టణాల వైపు మొగ్గు చూపడం’ అనీ, నిజానికది యంత్రాలతో తోడితే నీరు ఎగువకు ప్రవహించడం లాంటిదనీ హార్డీ అక్కడే చురక వేస్తాడు. 1883లో తన సొంత జిల్లా డార్సెట్ వ్యవసాయ కూలీల మీద రాసిన సుదీర్ఘ వ్యాసంలోనూ ఆయన ఈ వలసలనే వర్ణించాడు. డార్సెట్ అప్పట్లో ఇంగ్లండులో అతి తక్కువ కూలి ఇచ్చే జిల్లాల్లో ఒకటి. హార్డీ 1840లో పుట్టిన పల్లెకు కొద్ది మైళ్ల దూరంలోని టోల్‌పడిల్‌లో, కూలి తగ్గించవద్దని సంఘం కట్టిన ఆరుగురు కూలీలకు 1834లో ఏడేళ్ల ప్రవాస శిక్ష వేసి ఆస్ట్రేలియాకు ఓడెక్కించారు. పల్లె కూలీలలో ఎక్కువమంది మగవాళ్లకు ఓటు వచ్చింది 1884లో. టెస్‌ ఫ్లింట్‌కూంబ్-యాష్ పొలంలో, భర్త వదిలిపోయాక, తండ్రి పోకముందు, పడే చాకిరీ ఈ చరిత్రలోది. పశువులు పైసగం కొరికి వదిలేసిన టర్నిప్ దుంపల అడుగు సగాన్ని రాళ్ల నేలలోంచి కొంకి కర్రతో పెళ్లగించాలి. వాన పడినా ఆగకూడదు, ఆగితే ఆ పూట కూలి లేదు. నూర్పిడి రోజున ఆవిరి యంత్రం వస్తుంది. యంత్రం పైన నిలబడి పనలు విప్పి అందించే పని టెస్‌కు పడుతుంది. ఆ పనికి మామూలుగా ఆడవాళ్లనే పెడతారనీ, ఖర్చు కలిసిరావడమే దానికి కారణమై ఉంటుందనీ కథకుడు నింపాదిగా ఒక మాట విసురుతాడు. మిగతావాళ్లకు అప్పుడప్పుడూ ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది, ఆమెకు ఉండదు. యంత్రం ఆగదు కనుక ఆమె ఆగకూడదు, రోజు గడిచేసరికి మోకాళ్లు వణికి నడవలేని స్థితి వస్తుంది. యంత్రం నడిపేవాడు ఉత్తరాది నుంచి వచ్చిన మసిబారిన అపరిచితుడు, పొలంలో ఉంటాడే గానీ పొలానికి చెందడు. సరిగ్గా ఆ రోజే, ఆ అలసటలోనే అలెక్ మళ్లీ వచ్చి సాయం చేస్తానంటాడు. ఒళ్లు హూనమైన వేళ మనిషి నిర్ణయం ఎలా ఉంటుందో హార్డీకి తెలుసు.

ఇంత చెప్పి, హార్డీలో నిరాశే లేదంటే అది అబద్ధమవుతుంది. గుర్రం చావడానికి కాస్త ముందు, నక్షత్రాలన్నీ లోకాలేనా అక్కా అని తమ్ముడు అడుగుతాడు. అవును, చెట్టుకు కాసిన ఆపిల్ పళ్లలా ఉంటాయి, ఎక్కువభాగం మంచివే, కొన్ని పుచ్చువి అంటుంది టెస్. మరి మనం ఉన్నది దేని మీద అంటే, పుచ్చుదాని మీద అంటుంది. కాకతాళీయ ఘటనలను హార్డీ కొన్ని చోట్ల శ్రుతి మించి వాడుకున్నాడు కూడా. టెస్ పదిహేను మైళ్లు నడిచి అత్తమామల ఊరు ఎమ్మిన్‌స్టర్ వెళ్లి, పొదలో దాచిన తన మోటు బూట్లను బావగార్లు ఎవరో బిచ్చగత్తెవని తీసుకుపోతుంటే చూసి, అత్తమామలను కలవకుండానే వెనుదిరగడం చదివినప్పుడు రచయిత చెయ్యి మరీ బరువుగా పడిందని నాకూ అనిపిస్తుంది. ఆ వృద్ధ దంపతులు దిక్కులేనివాళ్లను ఆదుకునే మనుషులనీ, కొడుకులను చూసి తండ్రిని అంచనా వెయ్యడమే ఆమె చేసిన పొరపాటనీ కథకుడు చెప్పడం వల్ల ఆ ఘట్టం కొంత కుదుటపడింది. ఇక చివరి పేజీలో, అమరుల అధిపతి టెస్‌తో తన ఆట ముగించాడన్న ప్రసిద్ధ వాక్యం. దీని మీద దుమారం రేగితే 1892 నాటి ముందుమాటలో హార్డీ, ఇది తాను కొత్తగా చేసిన పాపం కాదంటూ, షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’లో దేవతలు ఆట కోసం మనుషులను చంపుతారని గ్లోస్టర్ అన్న మాటను గుర్తుచేశాడు. వాక్యంలోనే అది గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ పలుకుబడి అని చెప్పి ఉంచాడు. అదే వాక్యం మొదట్లో ‘న్యాయం’ జరిగిందంటూ ఆ మాటను ఉల్లేఖన చిహ్నాల్లో పెట్టాడు. ఆ ఎత్తిపొడుపు న్యాయస్థానానికి, దేవతలకు కాదు. పదహారేళ్ల వయసులో, 1856లో, భర్తను చంపిన మార్తా బ్రౌన్ అనే స్త్రీని డార్చెస్టర్ జైలు ముందు బహిరంగంగా ఉరితీయడం చూసిన మనిషి ఆయన. ఆ దృశ్యం ముసలితనం దాకా ఆయన్ని వదల్లేదు.

తనను నిరాశావాది అన్నవారికి హార్డీ 1922లో ఒక కవితా సంపుటి ముందుమాటలో జవాబు చెప్పాడు. మెరుగుపడే దారి ఏదైనా ఉంటే, అందుకు ముందు అతి చెడ్డదాన్ని కళ్లు తెరిచి నిండుగా చూడాలన్న తన పాత కవిత పాదాన్ని ఉదాహరించి, తన ధోరణికి క్రమంగా బాగుపడే లోకం మీద నమ్మకం అనే అర్థంలో పేరు పెట్టుకున్నాడు. ఆ నమ్మకం నవలలో ఎంత ఉందో నాకు పెద్దగా భరోసా లేదు. కోపం మాత్రం నిండా ఉంది. విధిని నమ్మినవాడికి కోపం రాదు. ఉరికి ముందు స్టోన్‌హెంజ్ దగ్గర టెస్, తన చెల్లెలు లైజా-లూను పెళ్లి చేసుకోమని ఏంజెల్‌ను అడుగుతుంది. మరదలిని చేసుకోవడం మా వైపు మామూలేనంటుంది. మనకూ అందులో వింతేమీ తోచదు. అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం చనిపోయిన భార్య చెల్లెలితో పెళ్లి చెల్లదు. పార్లమెంటు 1907లో దాన్ని చెల్లుబాటు చేసింది. హార్డీ ఆ తరువాత మరో ఇరవై ఏళ్లు బతికాడు.

వచ్చే సోమవారం ఇదే వరుసలో హార్డీ మరో నవల ‘జ్యూడ్ ది అబ్‌స్క్యూర్’ మీద వ్యాసం వస్తుందని ప్రకటించారు. రాళ్లు చెక్కే పనివాడు జ్యూడ్ ఏళ్ల తరబడి సొంతంగా లాటిన్, గ్రీకు నేర్చుకుని, విశ్వవిద్యాలయంలో చేర్చుకోమని కళాశాల అధిపతులకు రాసుకుంటే, ఒక్కరి దగ్గర నుంచి మాత్రం జవాబు వస్తుంది. మీ అంతస్తులోనే ఉండి మీ వృత్తినే పట్టుకుని ఉంటే మీకు ఎక్కువ మేలు జరుగుతుందని దాని సారాంశం. ఆ చిన్న ఉత్తరాన్ని, కింద ఉన్న అధిపతి సంతకంతో సహా, పూర్తిగా తెలుగు చేసి వ్యాసంతోపాటు వెయ్యవలసిందిగా వ్యాసకర్తను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంగ్లిషు ఉపన్యాసకుడు,
తెనాలి.